50 గుడ్ల థర్మాకోల్ ఇంక్యుబేటర్: అసీల్ పెంచేవాళ్లు కొనొచ్చా?

కోళ్ల సామాన్లు అమ్మే కొట్లలో, ఆన్‌లైన్‌లో దొరికే, గుడ్లను పొదిగించే తెల్ల థర్మాకోల్ పెట్టె (ఇంక్యుబేటర్) గురించి, అసీల్ అనే దేశీ కోడి జాతిని షోల (పక్షుల ప్రదర్శనల) కోసం పెంచేవాళ్ల కోణంలో ఈ సమీక్ష. దీనికి కంపెనీ పేరు ఉండదు. ఎవరో ఒకరు చిన్న షెడ్డులో అమర్చి అమ్ముతారు. లోపల రెండు బల్బులు, ఒక కంప్యూటర్ ఫ్యాను, వేడిని అదుపుచేసే డబ్ల్యూ 1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు, గుడ్లు దొర్లించే రోలర్ల ట్రే, ఒక నీళ్ల డబ్బా ఉంటాయి. గుడ్ల లెక్కనుబట్టి ధర మారుతుంది. 50 గుడ్ల పెట్టె ఫ్యాక్టరీలో తయారయ్యే ప్లాస్టిక్ మెషీన్ల కంటే చవకే.

ముందే చెప్పేస్తున్నాం: కొనొచ్చు. కానీ కొన్నది కొన్నట్టు ప్లగ్గు పెట్టి గుడ్లు పేర్చొద్దు. నాలుగు మార్పులు చేస్తే ఇది నమ్మకంగా పనిచేస్తుంది, చేయకపోతే మంచి జాతి గుడ్లను ఉడకబెడుతుంది. ఇంకో మాట, ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో దీన్ని నడపడానికి వీల్లేదు. కారణం కింద ఉంది.

బ్రాయిలర్ పిల్లలు అమ్ముకునేవాళ్లకు వందలో పాతిక గుడ్లు పోయినా లెక్క సరిపోవచ్చు. అసీల్‌కు ఆ లెక్క కుదరదు. ఊళ్లో పెరిగే అసీల్ పెట్ట ఏడాది మొత్తం మీద 30–40 గుడ్లకు మించి పెట్టడం అరుదు. అందులో మనం కోరుకున్న పుంజుతో కలిసి పెట్టినవి ఇంకా తక్కువ. ఒక ఈడుకు (ఒక విడతలో) పది, పన్నెండు గుడ్లు. షోకి పనికొచ్చే పిల్ల వాటిలో ఒకటో రెండో. కాబట్టి ఈ పెట్టెను చూడాల్సింది ఎన్ని గుడ్లు పడతాయన్న కొలతతో కాదు. పొదిగిన పిల్లకు కాళ్లు, వేళ్లు నిటారుగా వచ్చాయా, ఏ పిల్ల ఏ పెట్టదో గుర్తుపట్టగలమా అన్న కొలతతో.

అసీల్ పెట్ట స్వయంగా మంచి పొదుగు కోడి కదా, మెషీన్ ఎందుకు అన్న ప్రశ్న సరైనదే. పది, పన్నెండు గుడ్లు ఉన్నప్పుడు, పొదుగుకు కూర్చున్న నమ్మకమైన పెట్ట ఉన్నప్పుడు ఈ మెషీన్‌కంటే ఆ కోడే మేలు. మెషీన్ అవసరం రెండుచోట్ల వస్తుంది. పెట్ట పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆపేస్తుంది, గుడ్లు ఎప్పటికప్పుడు తీసేస్తే మళ్లీ తొందరగా ఈడుకొస్తుంది. రెండోది, బరువైన పెద్ద పెట్టలు కొన్ని గూట్లో గుడ్లను తొక్కి పగలగొడతాయి. అలాంటి పెట్టల గుడ్లు మెషీన్‌లోనే భద్రం.

ఇక పెట్టె లోపలికి వెళ్దాం. అన్నిటికంటే పెద్ద తప్పు థర్మోస్టాట్ సెట్టింగులోనే ఉంటుంది.

డబ్ల్యూ 1209 బోర్డు మంచిదే. డిస్‌ప్లే మీద దశాంశంలో ఒక అంకె దాకా చూపిస్తుంది, చవక, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మేచోట అడిగితే దొరుకుతుంది. సెట్ బటన్‌ను ఒకసారి నొక్కితే ఉష్ణోగ్రత పెట్టుకోవచ్చు. 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 నుంచి పీ6 దాకా లోపలి సెట్టింగులు వస్తాయి. పీ1 అనేది బల్బు ఆరడానికి, మళ్లీ వెలగడానికి మధ్య తేడా. బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఇది 2 డిగ్రీల సెల్సియస్‌గా ఉంటుంది. అంటే 37.5 పెట్టినా, లోపలి వేడి 35.5కి పడిపోయేదాకా బల్బు వెలగదు. సగటు వేడి తగ్గిపోతుంది, పిల్లలు 22, 23వ రోజుకు బలహీనంగా బయటికొస్తాయి, బొడ్డు సరిగ్గా మూసుకోదు. అమర్చి అమ్మేవాళ్లలో చాలామంది దీన్ని మార్చరు. పీ1ను 0.2కి తగ్గించండి. 0.1 కూడా పెట్టొచ్చు గానీ రిలే (బల్బును వెలిగించి ఆర్పే స్విచ్) నిమిషానికోసారి టిక్కుటిక్కుమంటూ త్వరగా అరిగిపోతుంది.

అక్కడే పీ0 కూడా చూడండి. అది హెచ్ మీద ఉండాలి. సీ మీద ఉంటే బోర్డు చల్లబరిచే పని అనుకుని, లోపల వేడెక్కినకొద్దీ బల్బును వెలిగిస్తూనే ఉంటుంది. ఎవరైనా బటన్లు నొక్కి రీసెట్ చేసినా, కొత్త బోర్డు మార్చినా మొదట చూడాల్సింది పీ0, పీ1. తర్వాతే మిగతావి.

రెండో తప్పు సెన్సర్ వేలాడే చోటు. తీగ పొట్టిగా ఉంటుందనో, సులువుగా ఉంటుందనో సెన్సర్‌ను మూతకు, బల్బుకు జానెడు దూరంలో అతికిస్తారు. అక్కడ 37.5 చూపిస్తుంటే గుడ్ల దగ్గర 36 ఉండొచ్చు. సెన్సర్ కొన గుడ్డు పైభాగం ఎత్తులో, ట్రే మధ్యలో, గోడకూ గుడ్డుకూ తగలకుండా, బల్బు వెలుగు నేరుగా పడకుండా ఉండాలి. సన్నని కడ్డీకి ట్విస్ట్ టైతో కట్టేస్తే చాలు.

తర్వాత సరిచూసుకోవడం. బోర్డు చూపించే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ జ్వరం థర్మామీటర్ 37 దగ్గర చాలా కచ్చితంగా చూపిస్తుంది, ఎందుకంటే దాన్ని చేసిందే ఆ వేడి దగ్గర పనిచేయడానికి. ఒక గ్లాసులో సుమారు 37.5 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసి, సెన్సర్ కొననూ థర్మామీటర్ కొననూ పక్కపక్కన ముంచి, నీళ్లను మెల్లగా కలుపుతూ చూడండి. జ్వరం థర్మామీటర్ చూసిన అత్యధిక అంకె దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ప్రతిసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. రెండింటికీ తేడా ఉంటే పీ4లో ఆ తేడాను కలపొచ్చు, తీసేయొచ్చు. 0.5 డిగ్రీ తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ 21 రోజుల పాటు ఎక్కువైతే పిల్ల 20వ రోజుకే తొందరపడి, బొడ్డు దగ్గర పచ్చసొన పూర్తిగా లోపలికి పోకుండానే బయటపడుతుంది. షోకి పెంచేవాళ్లకు ఇది ముఖ్యం. వేడి హెచ్చుతగ్గులతో వచ్చే వంకర వేళ్లు, బలహీనమైన కాళ్లు ఆ తర్వాత ఎంత మేపినా పోవు.

ఈ పెట్టెలో ఫ్యాను ఉంది కాబట్టి 37.5 నుంచి 37.7 మధ్య పెట్టాలి. ఫ్యాను లేని రకం కొంటే గుడ్డు పైభాగం దగ్గర 38.3 నుంచి 38.9 దాకా ఉండాలి, ఎందుకంటే అందులో గాలి పొరలుపొరలుగా నిలిచిపోయి గుడ్డు అడుగున చల్లగా ఉంటుంది. ఫ్యాను లేనిది కొనమని మాత్రం మేం చెప్పం.

మూడో మార్పు ప్రాణం కాపాడేది, అందుకే దీన్ని ఎవరూ వదిలేయొద్దు. డబ్ల్యూ 1209 మీదున్న రిలేలో పలకలు అరిగి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అలా అతుక్కుంటే బోర్డు ఆపమన్నా బల్బు ఆగదు. పిండానికి చల్లదనంకన్నా వేడి ప్రమాదం. రెండు గంటలు చల్లబడ్డ గుడ్డు తేరుకుంటుంది, 40 దాటి గంటల తరబడి ఉంటే తేరుకోదు. దీనికి మందు చవకే: రెండో థర్మోస్టాట్ బోర్డు ఒకటి కొని, బల్బుకు వెళ్లే తీగలో మొదటి బోర్డు తర్వాత వరుసగా కలపండి. దాన్ని 38.5 దగ్గర ఆపేసేలా పెట్టండి. మొదటిది చెడినా రెండోది కత్తిరిస్తుంది. దీనికీ దాని సొంత సెన్సర్ గుడ్ల దగ్గరే ఉండాలి. థర్మాకోల్ నిప్పంటుకునే సరుకు కనుక బల్బు హోల్డర్ చుట్టూ రేకు ముక్క కట్టాలి, బల్బుకూ గోడకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. కొన్ని పెట్టెల్లో హోల్డర్‌ను నేరుగా థర్మాకోల్‌లోకి గుచ్చేస్తారు. అలాంటిదైతే కొట్టులోనే వదిలేసి రండి.

నాలుగో మార్పు రోలర్ల ట్రే. కోడిగుడ్డు అంటే 55–60 గ్రాములనుకుని రోలర్ల మధ్య ఖాళీ పెడతారు. అసీల్ గుడ్డు 40–50 గ్రాముల మధ్య, కొత్త పెట్ట మొదటి ఈడు గుడ్లు ఇంకా చిన్నవి. అవి రోలర్ల మధ్యకు జారి, ఒకచోటే ఇరుక్కుని, రోలర్ తిరుగుతున్నా గుడ్డు తిరగదు. తిరగని గుడ్డులో పిండం పెంకు పొరకు అతుక్కుని చనిపోవచ్చు. రోలర్లకు సైకిల్ ట్యూబ్ ముక్కలు తొడిగితే ఖాళీ తగ్గి, పట్టు కూడా పెరుగుతుంది. సరిగ్గా తిరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి గుడ్డుకు ఒకవైపు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, మరోవైపు సున్నా రాయండి. స్కెచ్ పెన్ వాడొద్దు, సిరా పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. పొద్దున చూస్తే ఇంటూ గుర్తులు, మధ్యాహ్నానికి సున్నాలు కనబడాలి. మోటారు చెడితే చేత్తో రోజుకు 3 సార్లో 5 సార్లో, బేసి సంఖ్యలో తిప్పండి. బేసి ఎందుకంటే రాత్రి ఎక్కువసేపు ఒకేవైపు ఉండే గుడ్డు మరుసటి రాత్రి రెండోవైపు ఉంటుంది.

తేమ విషయంలో ఈ పెట్టె మీద చెప్పాల్సింది ఎక్కువ ఉంది, ఎందుకంటే దీనికి తేమ నియంత్రణ ఏమీ లేదు. నీళ్ల డబ్బా ఒక్కటే. కొందరు పెట్టెతోపాటు ఒక చిన్న డిజిటల్ తేమమీటర్ ఇస్తారు. దాన్ని పరీక్షించకుండా నమ్మొద్దు. ఒక చిన్న మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు కలిపి, మీటర్‌తోపాటు గాలి చొరబడని డబ్బాలో 10–12 గంటలు పెట్టండి. మీటర్ 75 శాతం చూపించాలి. 68 చూపిస్తే అది 7 తక్కువ చూపిస్తోందని మూత మీద రాసిపెట్టుకోండి.

మొదటి 18 రోజులు 45–55 శాతం, చివరి 3 రోజులు 65–70 శాతం అని అందరూ చెప్పేదే. హైదరాబాద్‌లో ఏ కాలంలో ఎన్ని నీళ్లు పెట్టాలో తెలుసుకోవాలంటే బయటి గాలి పెట్టెలోకి వచ్చి వేడెక్కితే ఏమవుతుందో లెక్క కట్టాలి. వానాకాలంలో 25 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలో 37.5కి వేడెక్కితే దాని తేమ దాదాపు 40 శాతానికి దిగుతుంది. అంటే జులై నుంచి సెప్టెంబర్ దాకా డబ్బాలో కొద్ది నీళ్లు చాలు. కొందరు 18వ రోజు దాకా నీళ్లే పెట్టరు, అదీ పనిచేస్తుంది. డిసెంబర్ రాత్రి 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి మాత్రం పెట్టెలో 22 శాతం దగ్గరకు పడిపోతుంది. చలికాలమని, బయట మంచు కురుస్తోందని తేమ బాగుందనుకోవడం పొరపాటు. షో పక్షుల గుడ్లు ఎక్కువమంది పెట్టేది ఆ నెలల్లోనే కాబట్టి ఈ పెట్టెతో వచ్చే చిన్న డబ్బా అప్పుడు సరిపోదు. నీళ్ల లోతు పెంచితే లాభం లేదు, తేమ వచ్చేది నీటి పైవైశాల్యం నుంచి. వెడల్పాటి పళ్లెం పెట్టండి, ఇంకా చాలకపోతే అందులో ఒక స్పాంజి నిలబెట్టండి.

మీటర్ కన్నా నమ్మకమైనది తూకం. గుడ్డు 18 రోజుల్లో తన బరువులో 12–13 శాతం నీరు పోగొట్టుకోవాలి. పది అసీల్ గుడ్లు కలిపి 450 గ్రాములుంటే రోజుకు సుమారు 3 గ్రాముల చొప్పున తగ్గాలి. 7వ రోజు 429 దగ్గర, 18వ రోజు 396 దగ్గర ఉండాలి. గ్రాములో పదో వంతు చూపించే వంటింటి త్రాసు చాలు. 7వ రోజుకే 420కి పడిపోతే గాలి ఎండిపోతోంది, నీళ్లు పెంచండి. 440 దగ్గరే ఉంటే నీళ్లు తీసేసి గాలి రంధ్రాలు తెరవండి. లోపలి నీరు పోకుండా పెరిగిన పిల్ల 19, 20వ రోజున ఉబ్బి, గాలి గది (గుడ్డు వెడల్పు కొన దగ్గరి ఖాళీ) చాలక, పెంకు పొడవలేక అక్కడే చనిపోతుంది. ఎండిపోయిన పిల్ల పెంకు పొడుస్తుంది గానీ లోపలి పొర తోలులా బిగుసుకుని తిరగలేక ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో గుడ్డును పగలగొట్టి చూస్తేనే కచ్చితంగా తెలుస్తుంది.

వేసవి సంగతి. ఈ పెట్టె వేడి చేయగలదు, చల్లబరచలేదు. గదిలో 36 డిగ్రీలుంటే బల్బు ఆరినా, ఫ్యాను వేడి, పెరిగిన పిండాల ఒంటివేడి కలిసి లోపల 38 దాటుతుంది. 14వ రోజు తర్వాత గుడ్లే వేడి పుట్టిస్తాయి కాబట్టి ఆ దశలోనే ప్రమాదం. మే నెల మధ్యాహ్నం రేకుల కింద 40 దాటే చోట థర్మోస్టాట్ ఏమీ చేయలేదు. వేసవిలో పెట్టాల్సే వస్తే కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గదిలో, 30 డిగ్రీల లోపు ఉండేచోట పెట్టండి. లేదా మార్చి మొదటివారానికల్లా చివరి బ్యాచ్ ముగించేయండి. అసీల్ విషయంలో రెండోదే మేలు, ఎలాగూ వేసవిలో పుంజుల్లో సత్తువ తగ్గి గొడ్డుపోయే గుడ్లు ఎక్కువవుతాయి. డిసెంబర్, జనవరిలో పుట్టిన పిల్లలు మరుసటి చలికాలానికి ఏడాది పక్షులై, ఈకలు నిండి, షోకి సిద్ధంగా ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు ఈ పెట్టె థర్మాకోల్ గోడలు నిజంగా మేలు చేస్తాయి. మూత తెరవకుండా ఉంటే గంటా గంటన్నర పెద్ద ఇబ్బంది లేదు. మొదటి రెండు వారాల్లో రంధ్రాలు మూసి, పెట్టెమీద దుప్పటి కప్పండి. 16వ రోజు దాటాక మాత్రం రంధ్రాలు మూయొద్దు. ఆ దశలో పిల్లలకు గాలి కావాలి, వేడి అవి తామే పుట్టించుకుంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెట్టెను ఆ లైనుకు కలపండి, రెండు 40 వాట్ల బల్బులు ఇన్వర్టర్‌కు బరువేమీ కావు. బోర్డు, ఫ్యాను 12 వోల్టులవి, బల్బు 230 వోల్టులది అయితే 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే పెట్టుకుని లాభం లేదని కొనేటప్పుడే గుర్తుంచుకోండి. ఫ్యాను తిరుగుతుంది, వేడి రాదు.

18వ రోజు గుడ్లను రోలర్ల మీంచి దించి కింద పొదిగే చోట పెట్టడమే ఈ పెట్టె బలహీనత. అడుగు నున్నటి ప్లాస్టిక్ జల్లెడ. తడి పిల్ల అక్కడ కాళ్లు జారి రెండు తొడలూ పక్కలకు విడిపోతాయి. మాంసానికి పెంచే పిల్లకు అది నడకలోపం, షో పక్షికి అక్కడితో అయిపోయినట్టే. అడుగున ఉతికి ఎండబెట్టిన గోనెసంచి ముక్కో, సందులున్న రబ్బరు మ్యాటో పరచండి. న్యూస్‌పేపర్ వద్దు. కాళ్లు విడిపోయిన పిల్లకు మొదటి రోజే బ్యాండ్‌ఎయిడ్ సన్నగా కత్తిరించి, రెండు కాళ్లనూ మామూలు నిలబడే దూరంలో కలిపి కడితే మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. వంకర వేలుకు కూడా రెండు రోజుల లోపే పట్టీ వేయాలి. ఒక పెట్ట గుడ్లన్నిట్లోనూ వేళ్లు ముడుచుకున్న పిల్లలు వస్తుంటే తప్పు మెషీన్‌లో వెతకొద్దు, తల్లికి వేస్తున్న దాణాలో చూడండి. బీ2 విటమిన్ తక్కువైతే వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. తినే గుడ్ల కోసం చేసిన లేయర్ దాణా పొదిగే గుడ్లకు చాలదు, బ్రీడర్ ప్రీమిక్స్ (పొదిగే గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసిన విటమిన్ల మిశ్రమం) కలపాలి. దాణా సరిచేసినా అదే జతలో మళ్లీ మళ్లీ వంకర వేళ్లు వస్తుంటే అది రక్తంలో ఉన్నది. ఆ పిల్లను పట్టీతో సరిచేసి పెంచుకోండి గానీ లైనులోకి (మీరు కొనసాగించే వంశంలోకి) మాత్రం తీసుకోవద్దు.

ఇక గుర్తుపట్టడం. డేగ పుంజుకూ కాకి పెట్టకూ పుట్టిన పిల్లలు, పక్క పెట్టకు పుట్టినవి, నెమలి పుంజు పిల్లలు (డేగ, కాకి, నెమలి అనేవి కోళ్ల రంగుల పేర్లు), మొదటి రోజు నూగులో అన్నీ ఒకేలా అనిపిస్తాయి. పెట్టె మొత్తం ఒకే అడుగు కావడంతో పిల్లలు కలిసిపోతాయి. అందుకే 18వ రోజు ఒక్కో పెట్ట గుడ్లను ఒక్కో చిన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, పైన ఉల్లిగడ్డల వల సంచి గుడ్డ బిగించి కట్టండి. ఇలా చేస్తే 50 గుడ్ల పెట్టెలో 30 గుడ్లకు మించి పట్టవు, ఈ లెక్క కొనేముందే వేసుకోవాలి. బయటికి తీసే ముందే వేళ్ల మధ్య చర్మపు పొరలో గుర్తుగా చిన్న రంధ్రం గుద్దాలి. రెండు కాళ్లకూ కలిపి వేళ్ల మధ్య నాలుగు పొరలు. ఏది గుద్దాం, ఏది వదిలేశాం అన్నదాన్నిబట్టి 16 రకాల గుర్తులు వస్తాయి. ఏ గుర్తు ఏ జత, ఏ తేదీ అన్నది అదే రోజు నోటుబుక్కులో రాయాలి, రేపు రాద్దామంటే గుర్తుండదు.

పొదుగుతున్న సమయంలో మూత తెరవొద్దు. మొదటి పిల్ల పెంకు పొడిచాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. ఆ మధ్యలో తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి మిగతా పిల్లల పొరలు బిగుసుకుంటాయి. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొనతో ఒక రోజు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. తొందర అక్కర్లేదు. ఇంకో సంగతి, పిల్లలు థర్మాకోల్ గోడల్ని పొడిచి పూసలు మింగుతాయి. గోడలకు కిందినుంచి అరచేయి ఎత్తు దాకా పలుచటి ప్లాస్టిక్ షీట్ అతికించండి. ప్రతి బ్యాచ్ తర్వాత లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రవం కలిపి తుడిచి, ఎండలో కాకుండా నీడన ఆరబెట్టాలి. ఫ్యాను రెక్కలకు అంటిన నూగు బ్రష్‌తో తీసేయాలి, లేకపోతే ఫ్యాను మూడు నాలుగు బ్యాచ్‌లకే నెమ్మదిస్తుంది.

గుడ్డు మంచిది కాకపోతే మెషీన్‌ను తిట్టి లాభం లేదు. గూట్లోంచి రోజుకు రెండుసార్లు తీసి, 15–18 డిగ్రీల చోట సన్నని కొన కిందికి ఉండేలా నిలబెట్టి, 7 రోజుల లోపు పెట్టేయాలి. హైదరాబాద్ ఇంట్లో ఆ చల్లదనం చలికాలంలో తప్ప దొరకదు, వేసవిలో తడి గోనెసంచి చుట్టిన కొత్త మట్టికుండ కొంత ఆసరా. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. కడగొద్దు. పుంజును మార్చినప్పుడు 3 వారాలు ఆగి ఆ తర్వాతి గుడ్లనే కొత్త పుంజు పేరు మీద రాయాలి, పాత పుంజు వీర్యం అన్నాళ్లూ పెట్టలో ఉండొచ్చు. పందెం లైన్ల గుడ్లను ఈ పద్ధతిలో పొదగడం గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: కోడిపందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఇక్కడ చెప్పినదంతా రూపం, రంగు, నడక చూసే ప్రదర్శనల కోసం.

దీనికి పోటీ ఏముంది? ఎక్స్‌ఎం-18 కంట్రోలర్‌తో వచ్చే ప్లాస్టిక్ పెట్టెలు వేడి, తేమ, తిప్పడం మూడూ ఒకే డిస్‌ప్లేలో చూపిస్తాయి, శుభ్రం చేయడం సులువు, ధర ఎక్కువ. కరెంటు పోతే థర్మాకోల్ కన్నా త్వరగా చల్లబడతాయి. ఇంకో దారి కూడా ఉంది. రాజేంద్రనగర్‌లో కేంద్రం నడిపే కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే, అసీల్, కడక్‌నాథ్, ఘాగస్ లాంటి దేశీ జాతులనూ అక్కడ కాపాడుతున్నారు. షో లైను కోసం కాదు గానీ, జాతి లక్షణాలు స్థిరంగా ఉన్న పక్షి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆ జాతుల వివరాలు చదవడం మంచిది. షోలో గెలిచే పక్షిని మాత్రం ఏ సంస్థా ఇవ్వదు, అది మీ జతల లెక్క మీదే ఆధారపడుతుంది.

మా మాట అడిగితే, ఒక పెద్ద పెట్టె కన్నా ఇలాంటి చిన్నవి రెండు కొనండి. ఒకటి 18 రోజుల పాటు తిప్పడానికి, రెండోది రోలర్లు తీసేసి బుట్టలతో పొదగడానికి. ఒకే పెట్టెలో వేర్వేరు తేదీల గుడ్లు పెడితే, పొదిగేవాటికి తేమ పెంచిన ప్రతిసారీ మిగతా గుడ్ల బరువు లెక్క చెడుతుంది, పొదిగిన నూగు, పెంకు ముక్కల మురికి కూడా వాటికి అంటుతుంది.

కొట్టులో చూసేటప్పుడు పెట్టెను అరగంట నడపమనండి. బల్బు ఆరినప్పుడూ వెలిగినప్పుడూ అంకెలు ఎక్కడిదాకా ఊగుతున్నాయో చూడండి, 1 డిగ్రీ మించి ఊగితే పీ1 అక్కడే మార్పించండి. రోలర్ మోటారు ఒకసారి తిరిగేదాకా ఆగండి. 12 వోల్టుల అడాప్టర్ చేతితో ముట్టుకుంటే కాలిపోతుంటే వేరేది ఇవ్వమనండి, ఈ పెట్టెల్లో ముందుగా చచ్చేది అదే. ఇంటికి తెచ్చుకున్నాక ఒక అడాప్టర్, ఒక ఫ్యాను, ఒక డబ్ల్యూ 1209 బోర్డు, రెండు బల్బులు అదనంగా పెట్టుకోండి.

మొదటి బ్యాచ్‌లో అసీల్ గుడ్లు వద్దు. కిరాణా కొట్టు గుడ్లు కూడా వద్దు, వాటిలో పిల్లే ఉండదు. పుంజుతో తిరిగే నాటుకోళ్ల గుడ్లు ఒక డజను తెచ్చి, పెట్టిన గంట రాసుకుని, మొదటి పెంకు ఎప్పుడు పగిలిందో చూడండి. 21వ రోజున పొదిగితే పెట్టె సరిగ్గా ఉంది. 19వ రోజే పిల్లలు బయటపడితే ఉష్ణోగ్రత 0.3 తగ్గించండి, 22 దాటితే 0.3 పెంచండి. పొదగని ప్రతి గుడ్డునూ పగలగొట్టి పిల్ల ఏ రోజు దాకా పెరిగిందో, దాని ముక్కు గాలి గదివైపు తిరిగి ఉందో లేదో చూసి రాసుకోండి. ఆ కాగితం పూర్తయ్యాక పెన్సిల్ తీసుకుని అసీల్ గుడ్లకు నంబర్లు వేయండి.